ఇంటి పండుగ – దూర ప్రయాణం

పాఠ్యాంశ పరిచయం

కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో తెలుగువారు అనేక తరాలుగా నివసిస్తున్నారు. సెలవులు రాగానే కొందరు ఇంట్లో ఉండి పండుగ చేసుకుంటారు, కొందరు ప్రయాణం చేస్తారు. ఇంటి సెలవుకు, ప్రయాణపు సెలవుకు గల భేదమేమిటి? మనకు ఏది సొంత ఊరు, ఏది పరాయి చోటు? ఈ వ్యాసం ఆ ప్రశ్నలను చర్చిస్తుంది.

సెలవు అనే మాట

విద్యార్థులారా! 'సెలవు' అనే మాటను మీరు తరచుగా వాడుతుంటారు. 'రేపు బడికి సెలవు' అంటే రేపు బడి లేదని అర్థం. 'ఇక సెలవు తీసుకొంటాను' అంటే వెళ్ళివస్తానని అర్థం. పెద్దలు చెప్పినదానిని గౌరవంగా 'వారు సెలవిచ్చారు' అంటాము. ఈ వాడుకలన్నిటి వెనుక అనుమతి అనే భావం ఉన్నది. పని నుండి కొంతకాలం విడివడి ఉండడానికి లభించిన అనుమతే సెలవు. కాని ఆ కాలంలో ఏమి చేయాలో ఈ మాట చెప్పదు. ఇంట్లో ఉండవచ్చు, ఊరు దాటి పోవచ్చు.

వేసవి ముగిసి బడి తెరవగానే ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న 'సెలవులకు ఏ ఊరికి వెళ్ళావు?' అని. హైదరాబాదుకో, సింగపూరుకో వెళ్ళివచ్చిన పిల్లవాడు ఉత్సాహంగా చెప్తాడు. ఇంట్లోనే ఉన్న పిల్లవాడు 'ఎక్కడికీ పోలేదు' అని తల వంచుకొంటాడు. అతనికి నిజంగా సెలవులే లేనట్లా? తిరుపతికి వెళ్ళివచ్చిన మూడవ పిల్లవానికి మరొక చిక్కు. 'మీ సొంత ఊరికి పోయి వచ్చావా?' అని తోటివారు అడిగితే ఏమని చెప్పాలో అతనికి తోచదు. ఈ చిక్కులను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాము.

చేసేవారు – చూచేవారు

పొంగల్ సెలవులనే తీసుకొందాము. మన ఇండ్లలో ఈ పండుగను సంక్రాంతి అనీ, పొంగల్ అనీ రెండు పేర్లతోను పిలుస్తాము. భోగినాడు ఇల్లు కడిగి, పనికిరాని పాత సామానును తీసివేస్తాము. మరునాడు వాకిట ముగ్గు వేసి పాలు పొంగిస్తాము. మూడవనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి పూజిస్తాము. నాలుగవనాడు కాణుం పొంగల్. తమిళంలో 'కాణుం' అంటే 'చూచే' అని అర్థం. ఆనాడు బంధువులను చూడడానికి వెళ్తారు. లేదా సద్ది కట్టుకొని ఏటి ఒడ్డుకో, ఆనకట్ట వద్దకో కుటుంబమంతా కలిసి పోయివస్తారు.

మొదటి మూడు నాళ్ళలో ఇంటిలోని ప్రతి ఒక్కరికీ పని ఉంటుంది. ముగ్గు ఒకరు వేస్తే మామిడాకులు ఒకరు కడతారు. బెల్లం ఒకరు కొడితే పొరుగింటికి పొంగలి ఒకరు తీసుకొనిపోతారు. అప్పుడు మనము చేసేవారము. నాలుగవనాడు మనము చూచేవారము. ఇంటి పండుగకు, ప్రయాణానికి గల ముఖ్యమైన భేదం ఇదే. ఇంట్లో మనము ఆతిథ్యమిస్తాము. ప్రయాణంలో ఆతిథ్యం పొందుతాము. మన పెద్దలు ఒకే పండుగలో రెండింటికీ చోటు కల్పించారు. కాబట్టి ఇంట్లో ఉండి పండుగకు చేయి కలిపిన పిల్లవాడు 'నేను ఎక్కడికీ పోలేదు' అని తల వంచుకోనక్కరలేదు. 'మా ఇంటికి ఎవరెవరు వచ్చారో చెప్తాను' అని తల ఎత్తి చెప్పవచ్చు.

మన పెద్దల ప్రయాణం

ఇక సొంత ఊరి మాట. మనము ఇప్పుడు ఇంటివారమైన ఈ చోటికి మన పెద్దలు ఒకప్పుడు ప్రయాణికులుగానే వచ్చారు. 14వ శతాబ్దంలో విజయనగర రాకుమారుడు కుమార కంపన మదురైని జయించాడు. ఆయన భార్య గంగాదేవి ఆ దండయాత్రను 'మధురావిజయం' అనే సంస్కృత కావ్యంగా రచించింది. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురైలో నాయక రాజ్యాన్ని స్థాపించాడు. ఆ రాజ్యం 18వ శతాబ్దం వరకు నిలిచింది.

తెలుగువారందరూ ఒకేసారి వచ్చినవారు కారు. కొందరు సైన్యంతో వచ్చారు. కొందరు నల్లరేగడి నేలలను వెతుక్కొంటూ సేద్యానికి వచ్చారు. నేతపనివారు, తోలుపనివారు, వర్తకులు వేరువేరు కాలాలలో, వేరువేరు కారణాలతో వచ్చారు. కోయంబత్తూరు చుట్టుపట్ల ప్రత్తిని పండించినవారిలోను, ఆ ప్రత్తితో మిల్లులు నడిపినవారిలోను, వాటిలో పనిచేసినవారిలోను తెలుగువారు ఉన్నారు.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో గొప్ప రచయిత. ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' అనే నవల వ్రాశారు. ఉత్తరాన కష్టాలకు తాళలేక దక్షిణానికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలవారు అడవిని కొట్టి, నేలను చదును చేసి, ఒక ఊరిని నిర్మించుకొన్న కథ అది. దానికి కొనసాగింపుగా ఆయన వ్రాసిన నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగువారి ప్రయాణాన్ని తమిళంలో చెప్పిన ఆయన 2021లో మరణించారు. ఆ కథలో మనము గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. బావి త్రవ్వి, చెట్టు నాటి, పంట కోసిన తరువాత వారు ప్రయాణికులు కారు. ఆ నేల వారి ఊరు అయినది.

ఈ సంగతిని మన ఇండ్లలోని అవ్వలు ఇంకా తేలికగా చెప్పగలరు. ఒక ఇంటిలో అవ్వకు, మనుమరాలికి జరిగిన మాటలు ఇట్లు ఉండవచ్చు.

"అవ్వా! మన సొంత ఊరు యాది?"

"ఈడే గదమ్మా. నువ్వు పుట్టింది ఈడే, నేను పుట్టింది ఈడే."

"బడిలో ఒక పిల్ల అడిగింది అవ్వా, మీరు ఆంధ్రా నుండి వచ్చినోళ్ళు గదా అని."

"వచ్చినోళ్ళమే. వచ్చి ఎన్ని తరాలయింది? మా తాతకు తాత నాటిన చింతచెట్టు కాయలు నువ్వు తింటా ఉండావు. అయినా ఇంకా వచ్చినోళ్ళమేనా?"

"అట్లయితే మనకు తెలుగు ఎందుకు అవ్వా?"

"అది మన నాయనలు మోసుకొని వచ్చిన మూట. ఊరు మారినా మూట పారేస్తారా?"

సత్రం కట్టినవారు

ఒక చోటికి వచ్చినవారు ఆ చోటివారు అయినారని ఎట్లు తెలుస్తుంది? వారు ఇతరులకు ఆతిథ్యమివ్వడం మొదలుపెట్టినప్పుడు తెలుస్తుంది. మదురై చరిత్రలో దీనికి మంచి ఉదాహరణలు ఉన్నవి.

తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు మదురైని పాలించాడు. మీనాక్షీ కల్యాణాన్ని, అళగర్ వైగై నదిలో దిగే ఉత్సవాన్ని చిత్తిరై మాసంలో ఒకటిగా కలిపి జరిపించినది ఆయనేనని చెప్తారు. పంటలు ఇంటికి చేరి రైతులకు తీరిక దొరికే కాలమది. అనగా పని ముగించినవారి సెలవుకు తగినట్లు పండుగ కాలం కుదిరినది. సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని అళగర్‌కోయిల్ నుండి స్వామి బయలుదేరి, దారి పొడవునా మండపాలలో ఆగుతూ నగరానికి వస్తాడు. నగర ప్రజలు ఎదురువెళ్ళి స్వాగతం పలుకుతారు. దీనిని తమిళంలో 'ఎదిర్ సేవై' అంటారు. మన 'ఎదురు' అనే మాట ఇందులో మీకు వినిపిస్తున్నది కదా! ఈ పండుగలో దేవుడే ప్రయాణికుడు, ఊరివారందరూ ఇంటివారు. తెలుగువారు, తమిళులు అనే భేదం లేక అందరూ కలిసి చేసే పండుగ ఇది.

17వ శతాబ్దపు చివర మనుమడు పసివాడుగా ఉన్నందున రాణి మంగమ్మ రాజ్యభారం వహించింది. యుద్ధాలను, సంధులను నేర్పుతో నడిపిన ఈ రాణిని ప్రజలు ముఖ్యంగా బాటల వల్ల, సత్రాల వల్ల గుర్తు పెట్టుకొన్నారు. బాటల ప్రక్కన చెట్లు నాటించి, బాటసారులకు సత్రాలు కట్టించినట్లు చెప్తారు. మదురై రైలు నిలయం ఎదుట నేటికీ మంగమ్మ సత్రం ఉన్నది. ఆమె మనుమడు విజయరంగ చొక్కనాథుడు తీర్థయాత్రలంటే ఎంతో ఇష్టపడేవాడు. 'శ్రీరంగ మాహాత్మ్యము' అనే గ్రంథాన్ని తెలుగు వచనంలో రచించాడు. అవ్వ ఇతరుల ప్రయాణానికి సత్రం కట్టించినది. మనుమడు తాను ప్రయాణం చేసి, చూచిన క్షేత్రం మహిమను గ్రంథంగా చెప్పాడు.

సత్రం కట్టినవారు బాటసారులు కారు. వచ్చేవారి కొరకు తలుపు తీసి ఉంచేవారు ఇంటివారు. ఈ ఊళ్ళలో తెలుగువారి స్థానం ఏమిటని ఎవరైనా అడిగితే, మంగమ్మ సత్రాన్ని చూపవచ్చు.

గీతలు మారినవి, దారి మారలేదు

అట్లయితే మనము తిరుపతికి పోవడం పరదేశానికి పోవడమా? ఒక చిన్న విషయం ఆలోచించండి. 1950లో కోయంబత్తూరు నుండి తిరుపతికి వెళ్ళిన కుటుంబం రాష్ట్రపు ఎల్లను దాటలేదు. ఏలయనగా అప్పుడు రెండు ఊళ్ళు మదరాసు రాష్ట్రంలోనే ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. ఆనాటి నుండి అదే కుటుంబం, అదే దారిలో, అదే కొండకు పోతూ ఒక ఎల్లను దాటవలసివచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. 1969లో మదరాసు రాష్ట్రం తమిళనాడు అయినది. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైనది.

గీతలు పరిపాలన కొరకు గీసినవి. అవి అవసరమే. కాని మన ఇండ్లలో పురటాసి శనివారాలలో వేంకటేశ్వరునికి దీపం పెట్టేటప్పుడు ఎవ్వరూ గీతను తలచరు. అట్లని తిరుపతి మన సొంత ఊరు కాదు. అక్కడ మనము యాత్రికులము. చూచి, మ్రొక్కి, తిరిగి వచ్చేస్తాము. ఎక్కడికి తిరిగి వస్తామో అదే మన ఊరు. వెళ్ళిన చోట మన మాట చెల్లుతుంది కనుక అది పరాయి చోటూ కాదు. సొంత ఊరికి, పరదేశానికి నడుమ ఇటువంటి చోటు ఒకటి ఉంటుంది. దానిని చుట్టాల ఊరు అనవచ్చు.

దూరదేశాలు

సముద్రం దాటిన ప్రయాణం వేరు విధమైనది. కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో 1893లో ఒక తెలుగు కుటుంబంలో జి. డి. నాయుడు జన్మించారు. 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి - పళని నడుమ తామే నడిపారు. తరువాత అది పెద్ద బస్సుల సంస్థగా పెరిగినది. ఇతరుల ప్రయాణంతో జీవితం ప్రారంభించిన ఆయన 1930లలో ఐరోపా దేశాలకు వెళ్ళారు. అక్కడి యంత్రాలను శ్రద్ధగా పరిశీలించారు. 1937లో కోయంబత్తూరులోనే విద్యుత్ మోటారు తయారైనది. ఆ కృషిలో ఆయనతోపాటు డి. బాలసుందరం నాయుడు పాల్గొన్నారు. జి. డి. నాయుడు సేకరించిన యంత్రాలను నేటికీ కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో చూడవచ్చు. విదేశంలో చూచినదానిని ఊరికి పనికివచ్చేటట్లు చేయడం ఆయన ప్రయాణపు ఫలం. 1974లో ఆయన మరణించారు.

వెళ్ళి అక్కడే నిలిచిపోయినవారూ ఉన్నారు. 19వ శతాబ్దంలో తెలుగువారు కూలి ఒప్పందాలపై చెరకు తోటలలో పనిచేయడానికి మారిషస్ దీవికి వెళ్ళారు. వారి సంతతివారిలో చాలామంది దినదినం మాట్లాడేది అక్కడి క్రియోల్ భాష. అయినా ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. తమిళనాడులో కూడ ప్రభుత్వ సెలవుల పట్టికలో 'తెలుగు సంవత్సరాది' ఉన్నది. ఎంత దూరమో చూడండి! రెండు చోట్లా ఆనాడు తెలుగువారు ఇంట్లోనే ఉండి పండుగ చేస్తారు. పండుగ ఒక ఊరికి కట్టుబడి ఉండదు. ఇల్లు ఎక్కడ ఉంటే అక్కడికి వస్తుంది.

మనకు మరొక భాగ్యం కూడ కలదు. ఉగాది గడిచిన తరువాత ఏప్రిల్ నెల నడుమ తమిళ సంవత్సరాది వస్తుంది. ఆనాడు తమిళుల ఇండ్లలో మామిడికాయ, బెల్లం, వేపపువ్వు కలిపి పచ్చడి చేస్తారు. ఉగాదికి మన పచ్చడి వారికి, చిత్తిరైకి వారి పచ్చడి మనకు. ఇంటివారుగా ఒకనాడు, అతిథులుగా ఒకనాడు ఉండడానికి మనకు వీధి దాటే పని కూడ లేదు.

చదువు వచ్చినవాని ప్రయాణం

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన విషయం. మన ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడుతూ, తెలుగు చదవడం రానివారు ఎందరో ఉన్నారు. 2006 నాటి చట్టం తరువాత రాష్ట్రంలోని పాఠశాలలలో తమిళం అందరూ తప్పక నేర్చుకొనే భాష అయినది. అది మన వీధి భాష, మన స్నేహితుల భాష. దానిని చక్కగా నేర్వాలి. దానితోపాటు తెలుగును కూడ చదివి నిలుపుకోవడం మన శ్రద్ధపై ఆధారపడి ఉన్నది.

తెలుగు మాట మాత్రమే వచ్చినవాడు తిరుపతి బస్సు నిలయంలో దిగితే, ఏ బస్సు ఎక్కడికి పోతుందో ప్రక్కవారిని అడగాలి. చదవడం వచ్చినవాడు పలకను చూచి తానే ఎక్కుతాడు. మొదటివాడు చుట్టాల ఊరిలో కూడ పరదేశి వలె నిలబడతాడు. రెండవవానికి అంగడి పలకలు, దినపత్రికలు, గుడి గోడమీది వ్రాతలు అన్నీ పలుకుతాయి. ఊరు చుట్టాల ఊరుగా ఉంటుందా, పరదేశంగా మారుతుందా అనేది రైలు టిక్కెట్టు నిర్ణయించదు. మనము నేర్చిన అక్షరాలు నిర్ణయిస్తాయి.

మన పలుకు విని అక్కడివారు ఒకప్పుడు నవ్వవచ్చు. అందుకు సిగ్గుపడవద్దు. 'యాడికి పోతివి?' అనే మన మాటను రాయలసీమవారి నోట కూడ వినవచ్చు. భాష పెద్ద ఇల్లు. అందులో గదులు చాలా ఉంటాయి. మనది దక్షిణపు గది.

మదరాసులో నివసించిన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి పోయివచ్చి, దారిలో చూచినదంతా తెలుగులో వ్రాశాడు. ఆ 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. లక్షలమంది కాశీకి పోయారు. వ్రాసిపెట్టినందువల్ల ఆయన ప్రయాణం మనదాకా వచ్చినది. మీరు కూడ రాబోయే సెలవులలో ఒక పుస్తకం తీసుకొని, పుటను రెండుగా విభజించండి. ఎడమ వైపు 'చేసినవి', కుడి వైపు 'చూచినవి' అని వ్రాయండి. ఇంట్లో ఉంటే ఎడమ వైపు నిండుతుంది. ప్రయాణం చేస్తే కుడి వైపు నిండుతుంది. రెండు వైపులా ఖాళీగా ఉంటేనే సెలవు వృథా అయినట్లు.

అర్థములు

దండయాత్ర – సైన్యంతో చేసే యాత్ర
బాటసారి – దారిన పోయేవాడు
సత్రం – బాటసారులు ఉండడానికి కట్టిన ఇల్లు
నల్లరేగడి – ప్రత్తి పండడానికి అనువైన నల్లని నేల
ఎల్ల – హద్దు
సంతతి – వంశంలో తరువాత పుట్టినవారు
సద్ది – ప్రయాణంలో తినడానికి కట్టుకొనే అన్నం

ప్రశ్నలు

అ) రెండు మూడు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. 'సెలవు' అనే మాటకు గల అర్థాలేవి?
2. కాణుం పొంగల్ నాడు ఏమి చేస్తారు?
3. 1953 తరువాత కోయంబత్తూరు – తిరుపతి ప్రయాణంలో వచ్చిన మార్పు ఏమిటి?
4. ఏయే దేశాలలో, రాష్ట్రాలలో ఉగాది సెలవును ఈ పాఠం పేర్కొన్నది?

ఆ) పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. 'సత్రం కట్టినవారు బాటసారులు కారు.' ఈ మాటను మదురై చరిత్ర ఆధారంగా వివరించండి.
2. జి. డి. నాయుడు ప్రయాణానికి, మారిషస్ వెళ్ళిన తెలుగువారి ప్రయాణానికి గల భేదాన్ని వ్రాయండి.

ఇ) వ్యాకరణం
1. విడదీసి సంధి పేరు వ్రాయండి: దేశాటనము, విద్యార్థి.
2. విగ్రహవాక్యం వ్రాయండి: రాజ్యభారం, చెరకు తోట.

ఈ) చేయవలసిన పని
మీ ఇంటిలోని పెద్దలను అడిగి, మీ కుటుంబం ఈ ఊరికి ఎప్పుడు, ఎందుకు వచ్చిందో వారి మాటలలోనే వ్రాసి తరగతిలో చదవండి. వారు పలికిన పలుకును మార్చవద్దు.